‘సమాన శిక్ష’ కోరాడంటే ఏం కోరినట్టు?

సందేహం: ఇద్దరు కలిసి చేసిన హత్యాయత్నం కేసులో సెషన్స్ కోర్టు ఒకరికి ఏడేళ్లు, మరొకరికి మూడేళ్లు జైలు వేసింది. ‘సమాన శిక్ష కోరుతూ హైకోర్టుకు నిందితుడు’ అని వార్త. ఏడేళ్లు పడినవాడు తనకు తగ్గించమంటున్నాడా, రెండోవాడికి పెంచమంటున్నాడా అని ఇంట్లో వాదన. శిక్ష పడ్డాక కూడా ‘నిందితుడు’ అనవచ్చా?
– ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు, కడప జిల్లా

సమాధానం: వాదన వచ్చిందంటే తప్పు మీ ఇంట్లోవాళ్లది కాదు, శీర్షికది. తగ్గించినా సమానమే, పెంచినా సమానమే కదా! చట్టంలో మాత్రం ఆ అయోమయం లేదు. దోషి తన శిక్ష మీదే అప్పీలు వేసుకోగలడు. తోటివాడికి చాలలేదు, పెంచండి అని అప్పీలుకు వెళ్లాల్సింది ప్రభుత్వం. పాత సీఆర్‌పీసీలో (నేర విచారణ పద్ధతి చెప్పే చట్టం) అది 377వ సెక్షన్. దాని స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో 418. కాబట్టి ‘తోటి దోషికి మూడేళ్లే వేశారని, తన శిక్ష తగ్గించాలని అప్పీలు’ అని రాయాలి. శీర్షిక పొడుగవుతుంది, కానివ్వండి.

నన్నడిగితే ఇక్కడ ‘సమానం’ కన్నా ‘తారతమ్యం’ అసలైన మాట. సంస్కృతంలో ఎక్కువను చెప్పే ‘తర’, అన్నిటికన్నా ఎక్కువను చెప్పే ‘తమ’ ప్రత్యయాలు కలిసి పుట్టింది. కోర్టు చూసేదీ అదే: కొడవలి ఎత్తిందెవరు, బండి తోలిందెవరు, ఎవరి మీద పాత కేసులున్నాయి, ఎవరి వయసెంత? ఉమ్మడి ఉద్దేశంతో చేస్తే (నేరాలు, శిక్షలు చెప్పే చట్టాల్లో పాత ఐపీసీ 34, ఇప్పటి భారతీయ న్యాయ సంహిత 3(5)) నేరం ఇద్దరిదీ అవుతుంది గానీ, శిక్ష ఎవరి పాలు వారిదే. తేడా ఉన్నంత మాత్రాన అన్యాయం కాదు. ఆస్ట్రేలియా హైకోర్టు (అక్కడ అన్నిటికన్నా పై కోర్టు అదే) 1984లో ఒక తీర్పులో దీనికి గీటురాయి చెప్పింది: ఆ తేడా చూసి ఎక్కువ శిక్ష పడినవాడు నొచ్చుకోవడానికి సబబైన కారణం ఉండాలి. అంటే వట్టి కడుపుమంట చాలదు.

అందుకే కొందరు రాసే ‘శిక్షలో వివక్ష’ నాకు నచ్చదు. ప్రాస బాగానే కుదిరింది, కానీ జడ్జి కావాలని చేశాడన్న నింద అందులో ఉంది. ‘శిక్షల్లో వ్యత్యాసం’ అంటే చాలు.

ఇక ‘నిందితుడు’. నేరం రుజువయ్యేదాకే ఆ మాట. తీర్పు వచ్చాక ‘దోషి’. అప్పీలు వేసినంత మాత్రాన మళ్లీ నిందితుడు కాడు. హైకోర్టు కాగితాల్లో ‘అప్పీలుదారు’. రెండోవాడు కూడా ‘సహ నిందితుడు’ కాదు, ‘సహ దోషి’. నాకైతే ‘తోటి దోషి’ ఇంకా హాయి.

మీ కడప కోర్టు వరండాల్లో శిక్ష పడ్డాక కూడా ‘ముద్దాయి’ అనే అంటుంటారు. మాటల్లో అది చెల్లుతుంది. తమాషా ఏమంటే, అరబ్బీలో ఆ మాటకు దావా వేసినవాడని అర్థం. మన దగ్గరికి వచ్చి బోనెక్కింది. ఇప్పుడు మూలార్థం పట్టుకుని ఫిర్యాదుదారును ముద్దాయి అన్నామా, ముందు మన మీదే కేసు పెడతాడు.