రెడ్ వైన్ ఎంత పాతబడితే అంత రుచి పెరుగుతుందా?

లేదు, రెడ్ వైన్లలో ఎక్కువ భాగం తయారైన కొన్నేళ్లలోపే తాగడానికి చేసినవి. దాచినకొద్దీ మెరుగయ్యేవి కొన్నే.

తేడా ముఖ్యంగా ద్రాక్ష తొక్క, గింజల నుంచి దిగే టానిన్‌లో ఉంది. నేరేడు పండు తిన్నాక నాలుకను పట్టేసే వగరు లాంటిదే ఇదీ. ఏళ్లు గడిచేకొద్దీ టానిన్లు, రంగునిచ్చే పదార్థాలు ఒకదానితో ఒకటి కలిసి, కొంత అడుగున మడ్డిగా పేరుకుంటాయి. వగరు మెత్తబడుతుంది. ఊదా ఛాయ పోయి ఇటుక ఎరుపు వస్తుంది. తాజా పండు వాసన తగ్గి, ఎండు అంజూరాన్ని తలపించే వాసన తేలుతుంది. అయితే మొదట్లోనే వగరు, పులుపు, పండు రుచి మూడూ దండిగా ఉండాలి. లేని వైన్‌ని దాస్తే చివరికి చప్పబడిన పులుపే మిగులుతుంది.

లెబనాన్‌లో హోషార్ కుటుంబం 1930లో మొదలుపెట్టిన షాతో ముసార్ రెడ్ మంచి ఉదాహరణ. బెకా లోయలో పండే కాబర్నే సావిన్యోన్, సిన్సో, కారిన్యాన్ రకాలను విడివిడిగా పులియబెట్టి, ఓక్ పీపాల్లో సుమారు ఏడాది ఉంచి, ఆ తర్వాతే కలుపుతారు. సీసాల్లోనూ కొన్నేళ్లు మాగనిచ్చి, కోత తర్వాత ఏడో ఏడాదికి గానీ అమ్మకానికి పెట్టరు. అంత ఓపిక అన్ని వైన్లకూ అక్కర్లేదు.

మడ్డి కనబడగానే పాడైందనుకుని పారబోయడం చాలామంది చేసే పొరపాటు. సీసాను ఒక రోజు నిలబెట్టి, కదపకుండా మెల్లగా వేరే పాత్రలోకి ఒంపండి. మడ్డి సీసా మెడ దగ్గరికి రాగానే ఆపేస్తే చాలు.