బడి వేళలో మతబోధ మీద అభ్యంతరం వస్తే: కొత్త హెడ్మాస్టరమ్మకు ఒక ఉత్తరం

నల్లగొండ

బిడ్డా, ఆశీస్సులు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన నాలుగు పేజీలు మనవడి ఫోన్లో అక్షరాలు పెద్దవి చేయించుకొని రెండుసార్లు చదివాను. ఫోన్లో తేలే మాట కాదనిపించి కాగితం పట్టాను. తీరిగ్గా చదువుకో.

నువ్వు రాసింది నాకు అర్థమైంది ఇదీ. దేవరకొండ దిక్కు నువ్వు ప్రమోషన్ మీద పోయిన బడిలో శనివారం ఆఖరి పీరియడ్‌కు ఊరి పెద్దమనిషి ఒకాయన వచ్చి ఎనిమిదో తరగతికి శ్లోకాలు నేర్పుతున్నాడు. నువ్వు రాకముందు నుంచే అది నడుస్తోంది. తండా నుంచి వచ్చే ఒక పిల్ల తండ్రి, చర్చికి పోయే మనిషి, వచ్చి "మా బిడ్డకు ఇది వద్దు మేడం" అన్నాడు. ఆ పిల్లను ఆ పీరియడ్‌లో లైబ్రరీ గదిలో కూర్చోబెట్టారు. ఇంతలో ఇంకో ఇరవై మంది "శ్లోకాలు ఆపొద్దు" అని సంతకాలు పెట్టి దరఖాస్తు తెచ్చారు. ఇప్పుడు ఎవరికేం జవాబు చెప్పాలి సార్ అని అడిగావు.

ముందు నేను చేసిన తప్పు ఒకటి చెప్తాను. దాన్నిబట్టే మిగతాదంతా చెప్తున్నాను.

పాతికేళ్ళు దాటింది. ఒక ఊళ్ళో ఇన్‌ఛార్జి హెడ్మాస్టర్‌గా ఉన్నాను. పదో తరగతి పరీక్షలకు వారం ముందు సరస్వతి పటం ముందు హాల్‌టికెట్లు పేర్చి, కొబ్బరికాయ కొట్టి, ఒక్కొక్కరికీ బొట్టుపెట్టి ఇవ్వడం అక్కడ ఆనవాయితీ. ముందురోజు ఒక పిల్లగాడి తండ్రి వచ్చాడు. "సార్, మా నాయన సంగంల తిరిగినోడు. మా ఇంట్ల దేవుని పటం లేదు. మా పోరనికి ఆ బొట్టు గిట్ట వద్దు" అన్నాడు. సంగమంటే కమ్యూనిస్టుల సంగం. కోపంగా కూడా అనలేదు. నేనేమన్నానో తెలుసా? "ఒక్క బొట్టుకు ఏమైతదయ్యా, అందరితోపాటు ఉండనీ. ఇష్టం లేకపోతే బయట నిలబడమను" అన్నాను. పెద్దమనసుతో మాట్లాడాననే అనుకున్నాను.

మర్నాడు వాడు సైకిల్ స్టాండు దగ్గర వేపచెట్టుకు ఆనుకొని నిలబడ్డాడు. లోపల పాట, గంట, చప్పట్లు. వాడు కాలి చెప్పుతో మట్టిలో గీతలు గీస్తూ కిటికీ దిక్కు చూడకుండా ఉండటానికి తంటాలు పడుతున్నాడు. అంతా అయ్యాక వాడి హాల్‌టికెట్ నేనే తీసుకుపోయి ఇచ్చాను. నా వేలికున్న కుంకుమ దాని మీద అంటింది. వాడు చొక్కా అంచుతో తుడిస్తే అది ఫొటో మీదికి పాకింది. "సార్, దీంతోని లోపలికి రానిస్తరా?" అని అడిగాడు. వాడి గొంతులో ఉన్న భయం దేవుడి గురించి కాదు, పరీక్ష గురించి. పక్కన సంతకం పెట్టి స్టాంపు వేసిచ్చాను. వాడు పాసయ్యాడు, బాగానే ఉన్నాడు. కానీ ఆ ఇరవై నిమిషాలు వాణ్ణి చెట్టుకింద నిలబెట్టింది నేను. ఆ హక్కు నాకు ఎవరూ ఇవ్వలేదు.

అందుకే అభ్యంతరం వచ్చిన రోజు నువ్వు చూడవలసింది ఆ దేవుడు ఎవరి దేవుడు, ఆ శ్లోకం మంచిదా కాదా అన్నది కాదు. వద్దన్న ఇంటి బిడ్డ ఆ సమయంలో ఎక్కడుంది, ఏం చేస్తోంది, మిగతా పిల్లలు ఆమె దిక్కు ఎట్లా చూస్తున్నారు, అది చూడు.

ఇక చట్టం. దీన్ని బట్టీపట్టాల్సిన పని లేదుగాని అర్థం చేసుకోవాలి. రాజ్యాంగం 28వ అధికరణలో మూడు ముక్కలున్నాయి. మొదటిది, పూర్తిగా ప్రభుత్వ సొమ్ముతో నడిచే ఏ విద్యాసంస్థలోనూ మతబోధ ఉండకూడదు. రెండోది, మతబోధ జరగాలనే షరతుతో దాతలు ట్రస్టుగా పెట్టిన సంస్థను ప్రభుత్వం నిర్వహిస్తుంటే దానికి మినహాయింపు. మూడోది, ప్రభుత్వ గుర్తింపో సాయమో ఉన్న సంస్థల్లో ఎవరినీ వాళ్ళ సమ్మతి లేకుండా, మైనరైతే సంరక్షకుల సమ్మతి లేకుండా, మతబోధలోగాని పూజలోగాని పాల్గొనమనరాదు.

మన వాళ్ళు తరచుగా జారిపోయేది ఇక్కడే. మూడో ముక్కను తెచ్చి జిల్లా పరిషత్ బడికి అంటిస్తారు. "తల్లిదండ్రుల దగ్గర అంగీకార పత్రం తీసుకుంటే సరిపోతుంది కదా" అంటారు. సరిపోదు. నీది మొదటి ముక్క కిందికొచ్చే బడి. అక్కడ సమ్మతి అన్న మాటే లేదు. కాబట్టి ఇరవై సంతకాలు కాదు, రెండువందలు తెచ్చినా నువ్వు ఇవ్వలేనిది ఇవ్వలేవు. స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉంటారు, వాళ్ళ మాటకు విలువ ఉంది, నిజమే. కానీ ఇది చేతులెత్తి తేల్చే విషయం కాదు. ఆ సంతకాల వాళ్ళతో ఈ మాట నెమ్మదిగా, ఎదురుగా కూర్చోబెట్టుకొని చెప్పు. వాళ్ళు శత్రువులు కారు. పిల్లలు ఫోన్ పట్టుకొని చెడిపోతున్నారనే బెంగతో నాలుగు మంచి మాటలు చెవినపడితే బాగుండని వచ్చినవాళ్ళే అందులో ఎక్కువమంది.

వాళ్ళు అడిగే ప్రశ్న నాకు ఇప్పుడే వినిపిస్తోంది. "మిషన్ బడిల బైబిల్ చెప్తరు, మదర్సాల ఖురాన్ చెప్తరు, మన బడిల శ్లోకం చెప్తే తప్పా మేడం?" దీనికి తడబడకు. మతవిద్యే ప్రధానంగా నడిచే మదర్సాలను, వేద పాఠశాలలను 2012 సవరణలో విద్యాహక్కు చట్టం పరిధి నుంచి తీసేశారు. రెండింటికీ ఒకటే సూత్రం. మిషన్ బడికి గుర్తింపు ఉంటే అక్కడ కూడా ఎవరి బిడ్డనూ బలవంతంగా ప్రార్థనకు కూర్చోబెట్టరాదు. ఇష్టం లేదని తల్లిదండ్రులు రాసివ్వచ్చు. సర్కారు బడి మాత్రం అందరి పన్నుతో నడిచేది, పేదవాడికి ఇంకో బడి లేనిది. తండా పిల్ల ఈ బడి వదిలితే ఇంకెక్కడికి పోతుంది? ఇట్లా చెప్తే వింటారు. నేను చూశాను.

మన ఇలాకాకు ఇది కొత్త తగవేం కాదు. నిజాం కాలంలో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ముసల్మాన్ విద్యార్థులకు దీనియాత్, అంటే ఇస్లాం మతపాఠం, మిగిలినవాళ్ళకు నీతిశాస్త్రం తప్పనిసరి పాఠాలు. అప్పుడు రాజ్యానికి ఒక మతం ఉండేది, దాన్నిబట్టి చదువుకూ ఉండేది. రాజ్యాంగం వచ్చాక రాజ్యానికి లేదు కాబట్టి దాని బడికీ లేదు.

అమెరికాలో కూడా ఇదే తగవు పడింది. ఇల్లినాయ్ రాష్ట్రంలో షాంపేన్ అనే ఊళ్ళో సర్కారు బడిలోనే, బడి వేళలోనే ప్రొటెస్టెంట్లకు, కాథలిక్కులకు, యూదులకు వేరువేరుగా మతపాఠాలు చెప్పేవాళ్ళు. తల్లిదండ్రుల దగ్గర అంగీకార కార్డులు తీసుకునేవాళ్ళు కూడా. వాష్టీ మెకాలమ్ అనే తల్లి తన కొడుక్కి వద్దంది. ఆ పిల్లాడు తరగతి బయట ఒక్కడే కూర్చోవలసి వచ్చింది. ఆమె కోర్టుకెక్కితే 1948లో అక్కడి సుప్రీంకోర్టు ఎనిమిది మంది ఒకవైపు, ఒక్కరు మరోవైపుగా ఆ పద్ధతి చెల్లదంది. నాలుగేళ్ళకు న్యూయార్క్ కేసులో, తల్లిదండ్రులు రాసిస్తే పిల్లలు బడి దాటి తమ మతస్థలానికి పోయి నేర్చుకోవచ్చని ఒప్పుకుంది. అది వాళ్ళ చట్టం, మనది వేరు. అయినా ఆ పిల్లాడి కథ చదివినప్పుడల్లా నాకు మా వేపచెట్టు కనిపిస్తుంది.

అయితే ఒక్క విషయంలో జాగ్రత్త. అభ్యంతరం వచ్చిందని భయపడి అన్నిటినీ తుడిచేయకు. నీ తెలుగు సారు పోతన పద్యం రాగంతో చదివితే అది మతబోధ కాదు, పాఠం. సాంఘికశాస్త్రంలో ఇస్లాం ఎట్లా పుట్టింది, బుద్ధుడు ఏం చెప్పాడు అని చెప్పడం పాఠమే. 1971లో డీఏవీ కాలేజీ కేసులో గురునానక్ జీవితం, బోధనల అధ్యయనం మతబోధ కిందికి రాదని మన సుప్రీంకోర్టు చెప్పింది. 2002లో అరుణారాయ్ కేసులో కూడా మతాల గురించి తెలుసుకోవడం వేరు, మతాన్ని బోధించడం వేరు అని గీత గీసింది. పానగల్లు గుడికి పిల్లల్ని తీసుకుపోయి ఆ రాతిపని చూపించు. లతీఫ్ సాహెబ్ గుట్ట ఎక్కించు. అక్కడ దండం పెట్టమని మాత్రం నువ్వు చెప్పకు. పెట్టొద్దని కూడా చెప్పకు.

బతుకమ్మ గురించి అడిగావు. తంగేడు, గునుగు తెచ్చి పేర్చి ఆడపిల్లలు ఆడుకుంటే నేనెప్పుడూ ఆపలేదు. మా బడిలో పూలు ఎక్కువ తెచ్చింది ఒక తురకోళ్ళ పిల్లే, వాళ్ళ పెరడు నిండా బంతి ఉండేది. కానీ గౌరమ్మను పెట్టి పూజ చేయించడం, రాని పిల్లకు ఆబ్సెంట్ వేయడం మొదలైతే అది పండుగ దాటి ఇంకోటవుతుంది. హనుమాన్ మాల, అయ్యప్ప మాల వేసుకొచ్చిన పిల్లాణ్ణి బట్టల విషయంలో తిట్టకు. తలకు గుడ్డ కట్టుకొచ్చిన పిల్లనూ అంతే. అది వాళ్ళ ఇంటి నుంచి వాళ్ళు మోసుకొచ్చింది, బడి వాళ్ళ మీద మోపింది కాదు. అదే లెక్కన, క్రిస్మస్ ముందు చిన్న పుస్తకాలు పంచుతామని ఎవరన్నా బడి వేళలో వచ్చి ప్రార్థన చేయిస్తామంటే వాళ్ళకూ ఇదే జవాబు. శ్లోకాలాయన్ని ఆపి వాళ్ళను రానిస్తే నీ మాట ఎవ్వరూ నమ్మరు.

ఇక పని. ఆ తండ్రిని మళ్ళీ పిలిపించు. ఆఫీసు రూములో కుర్చీ వేయించు, నీళ్ళిప్పించు. స్టాఫ్ అందరి ముందూ మాట్లాడకు. ఏ తేదీన, ఏ పీరియడ్‌లో, ఏం జరిగిందో ఆయన మాటల్లోనే రాసుకో. మధ్యలో "మేం ఎవర్నీ బలవంతం చేయలేదే" అనకు. నువ్వు సమర్థించుకోవడం మొదలుపెడితే ఆయన చెప్పడం ఆపేస్తాడు. బడి వాట్సాప్ గ్రూపులో దీని మీద ఒక్క ముక్క రాయకు. ఎవరన్నా రాస్తే "ఆఫీసుకు రండి" అని మాత్రం పెట్టు.

తర్వాత జవాబు కాగితం మీద ఇవ్వు. పొడుగు వద్దు. "మీరు చెప్పింది విన్నాను. శనివారం చివరి పీరియడ్‌లో జరుగుతున్న శ్లోకాల తరగతి ఈ వారం నుంచి ఉండదు. టైంటేబుల్‌లో ఉన్న ప్రకారం ఆ పీరియడ్‌లో ఆటలుంటాయి. మీ అమ్మాయి అందరితోపాటే ఉంటుంది." ఇంతే. కాపీ ఫైల్లో పెట్టుకో, మండల విద్యాధికారికి ఒకటి పంపు. రేపు ఎవరన్నా పైనుంచి అడిగితే ఆ కాగితమే నీకు దిక్కు.

ఆ పెద్దమనిషి ఇంటికి నువ్వే పో. కబురు పంపకు. ఆయన డబ్బు తీసుకోకుండా, ఎండలో నడిచొచ్చి పిల్లలకు చెప్పినవాడు. ఆయన్ని గేటు దగ్గర ఆపితే ఊరు రెండుగా చీలుతుంది. "గుడి మండపంలో ఆదివారం చెప్పండి తాతా, వచ్చే పిల్లలు వస్తారు" అని చెప్పు. ఉచ్చారణ బాగా తెలిసిన మనిషైతే తెలుగు సారుతో మాట్లాడి, పాఠంలో ఉన్న పద్యాలు ఎట్లా చదవాలో ఒకరోజు చెప్పించు. పాఠం వరకే.

నీతి ఎవరు చెప్తారనే బెంగ తల్లిదండ్రులకు ఉంటే రోజూ ప్రార్థనలో చదివే ప్రతిజ్ఞ గుర్తుచేయి. అది మన నల్లగొండ పక్క అన్నెపర్తిలో పుట్టిన పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు 1962లో విశాఖపట్నంలో ట్రెజరీ అధికారిగా ఉండగా రాసింది. తల్లిదండ్రుల్ని, ఉపాధ్యాయుల్ని, పెద్దల్ని గౌరవించమని, ప్రతివారితో మర్యాదగా నడుచుకొమ్మని అందులోనే ఉంది. దేవుడి పేరు ఒక్కటి కూడా లేదు. పిల్లలు దాన్ని గడగడ అప్పజెప్పి పోతున్నారు, మనం ఒక్కో వాక్యం ఆపి అర్థం చెప్పడం ఎప్పుడో మానేశాం. వారానికొక వాక్యం తీసుకో.

ఇంకోటి. ప్రార్థనలో, పాటలో ఏ పిల్లన్నా గొంతు కలపకుండా మర్యాదగా నిలబడితే నిలబడనీ. కేరళలో ముగ్గురు పిల్లలు జాతీయగీతానికి లేచి నిలబడ్డారు గాని తమ విశ్వాసం ఒప్పుకోదని పాడలేదు. 1985లో బడి వాళ్ళను వెళ్ళగొట్టింది. మరుసటి ఏడు సుప్రీంకోర్టు తిరిగి చేర్చుకొమ్మంది. ఆ తీర్పు రాసింది మన తెలుగువాడే, జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి. మన సంప్రదాయం సహనం నేర్పుతుంది, మన తత్వం సహనం బోధిస్తుంది, మన రాజ్యాంగం సహనం ఆచరిస్తుంది, దాన్ని పల్చన చేయొద్దు అని చివర్లో రాశాడు. స్టాఫ్ మీటింగ్‌లో ఆ వాక్యం చదివి వినిపించు.

తరగతి ఆగిపోగానే పని అయిపోయిందనుకోకు. "నీ వల్లనే బందయింది" అని పిల్లలు ఆ పిల్లను అంటారు. తప్పక అంటారు. ఎవరు ఫిర్యాదు చేశారో ప్రార్థనలోగాని తరగతిలోగాని ఎవ్వరూ పలకొద్దని టీచర్లకు గట్టిగా చెప్పు. నెల రోజులు మధ్యాహ్న భోజనం వేళ వరండాలో ఒక చుట్టు తిరుగు. ఎవరి పక్కన కూర్చొని తింటోందో చూడు.

మీ అత్తమ్మకు నమస్కారాలు చెప్పు. మోకాళ్ళ నొప్పి తగ్గిందా ఆమెకు? నాలుగు పేజీల్లో అందరి సంగతీ రాశావు గాని ఆ పిల్ల సంగతి లైబ్రరీ గది దగ్గరే ఆగిపోయింది. వచ్చే శనివారం ఆఖరి పీరియడ్ అయ్యాక ఫోన్ చేసి, ఆమె ఏ ఆట ఆడిందో చెప్పు.

ఇట్లు,
మీ లెక్కల సారు