ఎన్నారై సందేహాలు: ఫైర్‌వాల్ ఆఫ్ చేస్తే సరిపోతుందా?

"అన్నా, ప్రింటర్ కనపడడం లేదు. ఫైర్‌వాల్ ఆఫ్ చేసేదా?"

కొత్తగా అమెరికా వచ్చిన మన కర్నూలు పిల్లలు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. ఒకరికి ప్రింటర్, ఒకరికి క్లాసు ప్రాజెక్టు, ఇంకొకరికి యాంటీవైరస్ గోల. కడకు అందరూ వచ్చి ఆగేది మాత్రం ఆ ఆఫ్ బటన్ దగ్గరే. దాని జోలికి పోవద్దు. అడ్డం ఎక్కడ పడిందో కనుక్కుని, అంతవరకే దారి ఇవ్వండి.

ఈ ఎండాకాలం ఊరికి వచ్చినప్పుడు, ఆగస్టు సెమిస్టర్‌కు బయల్దేరుతున్న పిల్లలు కొందరు ల్యాప్‌టాప్‌లు పట్టుకుని కర్నూలు సి.క్యాంపులో మా అన్న వాళ్ళింటికి వచ్చారు. ఆదోని అమ్మాయి ఒకామె తన దాంట్లో విండోస్ సెక్యూరిటీ తెరిస్తే ఫైర్‌వాల్ మీద ఎర్రటి ఇంటూ గుర్తు. "ఎప్పుడు ఆపినావమ్మా?" అంటే కొంచెంసేపు ఆలోచించి, ఇంజనీరింగ్‌లో ఉండగా ఎవరో పెన్‌డ్రైవ్‌లో ఇచ్చిన క్రాక్ సాఫ్ట్‌వేర్ (డబ్బు కట్టకుండా వాడుకునేలా తాళం పగలగొట్టింది) ఎక్కించేటప్పుడు అని చెప్పింది. ముందు ఫైర్‌వాల్, యాంటీవైరస్ ఆపండి అని దాంతోపాటు రాసి ఇస్తారు. ఆపింది మళ్ళీ ఎవరూ వేయలేదు. రేపు అదే ల్యాప్‌టాప్‌తో అమెరికాలో బ్యాంకు ఖాతా తెరవాలి, అందులోనే ఐ-20 (అమెరికా కాలేజీ ఇచ్చే ప్రవేశ పత్రం), పాస్‌పోర్టు కాపీలు దాచుకోవాలి. ఫైర్‌వాల్ ఆన్ చేయించి ఊరుకోలేదు నేను. కావలసిన ఫైళ్ళు కాపీ చేసుకుని విండోస్ మొత్తం కొత్తగా ఎక్కించుకోమన్నాను. క్రాక్‌తో పాటు లోపలికి ఏం చేరిందో ఎవరికి తెలుసు?

అసలు ఫైర్‌వాల్ ఏం చేస్తుందో ముందు తెలియాలి. మన పల్లెల్లో ఇంటి ముందర అరుగు మీద కూర్చున్న అవ్వను తలుచుకోండి. బయటినుంచి వచ్చే ప్రతివాణ్ణీ "ఎవురు నాయనా, ఎవురి కోసం?" అని నిలబెడుతుంది. ఇంట్లోవాళ్ళు బయటికి పోతుంటే అడగదు. విండోస్ ఫైర్‌వాల్ మొదటి అమరిక సరిగ్గా అంతే: మనం పిలవకుండా లోపలికి వచ్చేదాన్ని ఆపుతుంది, మన కంప్యూటర్ నుంచి బయటికి పోయేదాన్ని పోనిస్తుంది. కాబట్టి వెబ్‌సైట్ తెరుచుకోకపోతే మొదటి అనుమానం ఫైర్‌వాల్ మీద పెట్టుకోవద్దు. దాని పాత్ర ఎక్కువగా వేరే యంత్రం మన యంత్రాన్ని పలకరించినప్పుడే.

2003లో బ్లాస్టర్ అనే పురుగు ఇంటర్నెట్‌కు తగిలించి ఉన్న కంప్యూటర్లలోకి, ఎవరూ ఏమీ నొక్కకుండానే దూరింది. 2004లో ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 2 నుంచి విండోస్‌లో ఫైర్‌వాల్ ముందే ఆన్ అయ్యి వస్తోంది. 2017 మేలో వచ్చిన వానాక్రై, ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగే పురుగు, 445 పోర్టు (కంప్యూటర్‌కు ఉండే నంబరు వేసిన తలుపుల్లో ఒకటి) గుండా ఒక కంప్యూటర్ నుంచి పక్కదానికి పాకింది, మన రాష్ట్ర పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని చిక్కుకున్నాయి. దానికి మందు మార్చిలోనే అప్‌డేట్‌గా వచ్చింది, వేసుకోనివాళ్ళే దెబ్బతిన్నారు. నలుగురు రూమ్మేట్లు ఒకే వైఫై వాడే అపార్ట్‌మెంట్‌లో పక్కవాడి ల్యాప్‌టాప్ ఎలాంటిదో మీకు తెలియదు.

ఇక ప్రింటర్ సంగతి. కొత్త వైఫైకి కలిసినప్పుడు విండోస్ 11 దాన్ని పబ్లిక్ అని రాసుకుంటుంది. పబ్లిక్ అంటే బస్టాండ్, కాఫీ షాపు, ఎయిర్‌పోర్టు లెక్క, చుట్టుపక్కల యంత్రాలకు మనం కనపడకుండా ఉంటాం, మనకూ అవి సరిగా కనపడవు. ప్రింటర్ దొరకకపోవడానికి చాలాసార్లు ఇదే కారణం. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, అందులో మీ వైఫై ప్రాపర్టీస్ తెరిస్తే ప్రొఫైల్ రకం ఉంటుంది. మీ ఇంటి వైఫైకి మాత్రమే ప్రైవేట్ పెట్టండి. కాలేజీ, హోటల్, లైబ్రరీ వైఫైలను పబ్లిక్‌గానే వదిలేయండి.

చాలామందికి తెలియని మెలిక ఇంకొకటి ఉంది. ఏదైనా ప్రోగ్రాం మొదటిసారి బయటివాళ్ళ కోసం తలుపు తెరవాలనుకుంటే, అనుమతి ఇవ్వాలా అని విండోస్ చిన్న పెట్టె చూపిస్తుంది. తొందరలో క్యాన్సిల్ నొక్కేస్తాం. విండోస్ అక్కడితో ఊరుకోదు, ఆ ప్రోగ్రాంకు అడ్డంగా బ్లాక్ రూల్ రాసుకుంటుంది, మామూలుగా టీసీపీకి ఒకటి, యూడీపీకి ఒకటి (డేటా పంపే రెండు పద్ధతులు ఇవి). తర్వాత మళ్ళీ అడగదు. మనం అలౌ రూల్ ఒకటి చేర్చి, ఇంకా ఎందుకు పనిచేయడం లేదని జుట్టు పీక్కుంటాం. అలౌ, బ్లాక్ రెండూ ఉంటే నెగ్గేది బ్లాకే. విండోస్ సెక్యూరిటీలో ఫైర్‌వాల్ పేజీ కింద ఉండే అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో ఇన్‌బౌండ్ రూల్స్ (లోపలికి వచ్చేవాటి రూల్స్) తెరిచి, ఆ ప్రోగ్రాం పేరు పక్కన ఎర్ర గుర్తున్న వరసలు తీసేసి, ప్రోగ్రాం మళ్ళీ తెరవండి. ఈసారి పెట్టె వస్తే ప్రైవేట్‌కు మాత్రం టిక్ పెట్టి అనుమతించండి.

కంప్యూటర్ సైన్స్ చదివేవాళ్ళకు వచ్చే బాధ వేరే. మా బంధువుల అబ్బాయి, డాలస్‌లో ఎంఎస్ చేస్తున్నాడు, రాత్రి ఫోన్ చేసి "మామా, నా ప్రాజెక్టు సైట్ ల్యాప్‌టాప్‌లో వస్తోంది, ఫోన్‌లో రావడం లేదు, ఫైర్‌వాల్ ఆపినా రావడం లేదు" అన్నాడు. ఆపినా రావడం లేదంటేనే తప్పు వేరేచోట ఉందని. ముందు దాన్ని ఆన్ చేయించి, కమాండ్ ప్రాంప్ట్‌లో, ఏ ప్రోగ్రాం ఏ అడ్రసు, పోర్టు మీద ఉందో చూపే నెట్‌స్టాట్ మైనస్ ఏఎన్ఓ కొట్టించాను. వాడి సర్వర్ 127.0.0.1:3000 మీద కూర్చుని ఉంది. ఆ అడ్రసు అంటే తన ల్యాప్‌టాప్ తనతో తాను మాట్లాడుకోవడమే, బయటివాడికి అందదు. సర్వర్‌ను 0.0.0.0 (ల్యాప్‌టాప్‌కు ఉన్న అన్ని అడ్రసులూ) మీద నిలబెట్టి, ఫైర్‌వాల్‌లో 3000 పోర్టుకు ప్రైవేట్‌లో మాత్రం రూల్ రాస్తే ఫోన్‌లో పేజీ తెరుచుకుంది. ఇదే పని కాలేజీ వైఫైలో చేస్తే రాకపోవచ్చు. అక్కడ ఒకరి పరికరం ఇంకొకరికి కనపడకుండా వైఫైలోనే కట్టేసి ఉంచుతారు. దానికి మీ ల్యాప్‌టాప్‌లో ఎన్ని రూల్స్ మార్చినా ఉపయోగం లేదు.

ఊహలతో పని లేకుండా చూసుకోవాలంటే లాగ్, అంటే ఫైర్‌వాల్ రాసుకునే చిట్టా ఉంది. అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్ ప్రాపర్టీస్‌లో, ప్రొఫైల్ ట్యాబ్ కింద లాగింగ్‌లో, డ్రాప్ అయిన ప్యాకెట్లు (ఆపేసిన డేటా ముక్కలు) రాయమని యెస్ పెట్టండి. పీఫైర్‌వాల్ డాట్ లాగ్ అనే ఫైలులో వరసలు పడతాయి. వరసలో మూడో మాట డ్రాప్ అని ఉండి, ఎనిమిదోది మీ పోర్టు నంబరైతే ఆపింది ఫైర్‌వాలే. అసలు వరసే పడకపోతే ఆపింది ఫైర్‌వాల్ కాకపోవచ్చు, ఆ పలకరింపు దాని దాకా వచ్చే ఉండకపోవచ్చు. రౌటర్ వైపు వెతకండి.

ల్యాప్‌టాప్‌తో వచ్చిన ట్రయల్ యాంటీవైరస్‌లో సొంత ఫైర్‌వాల్ ఉంటే విండోస్‌ది పక్కకు తప్పుకుంటుంది, అప్పుడు మీరు ఎక్కడో రూల్ మారుస్తుంటారు, ఆపేది ఇంకొకటి. డబ్బు కట్టే ఉద్దేశం లేకపోతే గడువు తీరకముందే దాన్ని తీసేయండి. మామూలు విద్యార్థికి విండోస్‌లో ఉన్నది చాలు. మ్యాక్ కొన్నవాళ్ళు మాత్రం సిస్టమ్ సెట్టింగ్స్, నెట్‌వర్క్, ఫైర్‌వాల్‌లోకి పోయి చూడాలి, అది మామూలుగా ఆఫ్‌లోనే వస్తుంది. ఉద్యోగంలో ఇచ్చిన ల్యాప్‌టాప్‌లో ఏదీ ముట్టుకోవద్దు. ఐటీ వాళ్ళకు టికెట్ పెట్టండి, వాళ్ళ నియమాలు దాటారంటే వీసా మీద ఉన్న మనకు వచ్చే చిక్కు చిన్నది కాదు.

ఊళ్ళో అమ్మానాన్నల కంప్యూటర్ గురించి కూడా చెప్పాలి. మీతో వీడియో కాల్ కోసం వాళ్ళు వాడేది అదే. "మీ కంప్యూటర్‌లో వైరస్ ఉంది, ఫైర్‌వాల్ పోయింది, ఈ నంబరుకు ఫోన్ చేయండి" అని తెర నిండా హెచ్చరిక వస్తే అది మోసమే. మైక్రోసాఫ్ట్ హెచ్చరికల్లో ఫోన్ నంబర్లు ఉండవు. ఆ నంబరుకు ఫోన్ చేస్తే ఎనీడెస్క్ లాంటిది (దూరంనుంచి మన కంప్యూటర్‌ను నడిపించే సాఫ్ట్‌వేర్) ఎక్కించమంటారు, అనుమతి మన చేత్తోనే ఇప్పిస్తారు, ఇక ఫైర్‌వాల్ చేయగలిగింది ఏమీ ఉండదు. ఆ పేజీ మూయకపోతే కంప్యూటర్ ఆపేసి మీకు ఫోన్ చేయమని నాన్నకు ముందే చెప్పి పెట్టండి. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే, మీరు నిద్ర లేచేదాకా ఆగకుండా, అక్కడినుంచే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయమనండి. ఆ నంబరు రాసిన కాగితం ఒకటి మానిటర్‌కు అంటించి రండి.