ఆటోక్యాడ్ ప్లాన్‌కి ఫోటోషాప్‌లో రంగులు

ప్రశ్న: 30 × 60 అడుగుల స్థలంలో, అంటే 200 గజాల్లో, ఇంటి ప్లాన్‌ని ఆటోక్యాడ్‌లో అంగుళాల్లో గీశాను. జేపీజీ తీసి ఫోటోషాప్‌లో తెరిస్తే గీతలు మెట్లుమెట్లుగా వస్తున్నాయి, కొలతల అంకెలు వెలిసిపోతున్నాయి. పడగ్గదిలో రంగు పోస్తే హాల్లోకి పాకుతోంది.
– ఒక విద్యార్థిని, మాసబ్ ట్యాంక్, హైదరాబాద్

జవాబు: జేపీజీ వద్దండి. అందులో వచ్చేది మీ తెర మీది పిక్సెళ్లే. ప్లాట్‌లో (ఆటోక్యాడ్‌లో ప్రింటు తీసే ఆదేశం) డీడబ్ల్యూజీ టు పీడీఎఫ్ ఎంచుకుని, కాగితం ఏ3 పెట్టండి. 1:50లో మీ స్థలం 183 × 366 మిల్లీమీటర్లు, హాయిగా పడుతుంది. అందరూ తప్పేది స్కేలు దగ్గరే. గీసింది అంగుళాల్లో, కాగితం మిల్లీమీటర్లలో. అక్కడ 1:50 అని నొక్కితే 60 అడుగులూ 14 మిల్లీమీటర్లకు కుంచించుకుపోతాయి. కస్టమ్‌లో 1 మిల్లీమీటరుకి 1.9685 యూనిట్లు (మీ అంగుళాలు) అని వేయండి.

అంకెలు వెలవడానికి కారణం లేయర్ల రంగు. నల్ల తెర మీద మెరిసే పసుపు, సయాన్ తెల్ల కాగితం మీద ఆనవు. ప్లాట్ స్టైల్ (ప్రింటులో రంగులెలా రావాలో చెప్పే ఫైలు) మోనోక్రోమ్ సీటీబీ పెడితే అన్నీ నలుపవుతాయి. గీత మందం లేయర్లలోనే మిల్లీమీటర్లలో ఇవ్వండి: గోడలకు 0.35, ఫర్నిచర్‌కి 0.18, కొలతలకు 0.13.

రంగు పాకేది తలుపు సందుల్లోంచి. ఆ సందులను మూసే గీతలు వేరే లేయర్‌లో గీసి, వాటిని విడి పీడీఎఫ్‌గా తీయండి. ప్లాన్‌కీ, ఈ గీతలకీ ప్లాట్‌లో ఒకే విండో (ప్రింటు తీసే చోటు) ఎంచుకోవాలి. ఎక్స్‌టెంట్స్ (గీసినంత మేరా) పెడితే లేయర్ ఆపినప్పుడల్లా బొమ్మ జరుగుతుంది. ఫోటోషాప్‌లో తెరిచేటప్పుడు రిజల్యూషన్ 300, క్రాప్ దగ్గర మీడియా బాక్స్ (కాగితం మొత్తం). బౌండింగ్ బాక్స్ (బొమ్మ ఉన్నంత మేరే) ఉంటే ఒక్కో ఫైలు ఒక్కో సైజులో వస్తుంది, ఒకదాని మీద ఒకటి కూర్చోదు. సరిగ్గా వస్తే రెండూ 4961 × 3508 పిక్సెళ్లు. షిఫ్ట్ నొక్కి ఒకదాన్ని రెండోదానిలోకి లాగండి, చోటు తప్పదు. వెనక పారదర్శకంగా ఉంటుంది కాబట్టి అడుగున తెల్ల లేయర్ వేయండి.

గీతల కింద, తెల్ల లేయర్‌కి పైన, రంగుకో ఖాళీ లేయర్ పెట్టండి. మ్యాజిక్ వాండ్‌లో శాంపిల్ ఆల్ లేయర్స్, కంటిగ్యువస్ రెండూ ఆన్‌లో ఉంచి గదిని ఎంచుకోండి. సెలక్షన్‌ని 2 పిక్సెళ్లు ఎక్స్‌పాండ్ చేశాకే రంగు నింపండి. 0.35 గీత 4 పిక్సెళ్ల మందం, రంగు అంచు దాని కిందికి చేరుతుంది. ఎక్స్‌పాండ్ మరిచిపోతే గోడ వెంట సన్నటి తెల్ల చార మిగిలిపోతుంది, ప్రింటులో అదే ముందు కనబడుతుంది. పని కాగానే సందులు మూసిన లేయర్‌ని దాచేయండి.

ప్రశ్న: ఫోటోషాప్‌లో ‘వంటగది’ బాగానే వస్తోంది, ‘స్నానాలగది’లో వత్తు విడిపోతోంది.
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: యూనికోడ్ తెలుగు ఫాంటు వాడండి. మీది ఫోటోషాప్ పాత వెర్షన్ అయితే, ప్రిఫరెన్సెస్‌లో టైప్ దగ్గర వరల్డ్ రెడీ లేఅవుట్ ఎంచుకోండి. అది కొత్త ఫైళ్లకే వర్తిస్తుంది. పాత ఫైల్లో అయితే పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో మార్చాలి.