మేనకోడలికి: కొత్త గైడు రాయకముందు

అమ్మలూ,

మావయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన అధ్యాయాల పట్టిక మొత్తం చదివాను. గుణుపురంలో నీ దగ్గర చదివే పిల్లల కోసం పైథాన్‌లో మనుషుల భాషని విశ్లేషించే టూల్‌కిట్ ఎన్‌ఎల్‌టీకే మీద తెలుగులో పెద్ద గైడు రాయాలన్న నీ ఆలోచన మంచిది. కానీ ఇప్పుడే మొదలుపెట్టకు. ఎందుకంటున్నానో చెప్తాను, కాస్త ఓపిగ్గా చదువు.

ఆ టూల్‌కిట్‌కి పాఠాల కరువు లేదు. 2001లో పెన్సిల్వేనియా యూనివర్సిటీలో స్టీవెన్ బర్డ్, ఎడ్వర్డ్ లోపర్ దాన్ని మొదలుపెట్టిందే క్లాసులో పాఠం చెప్పుకోవడానికి. 2009లో వాళ్లిద్దరూ యూవన్ క్లైన్‌తో కలిసి రాసిన పుస్తకం వెబ్‌లో ఉచితంగా దొరుకుతుంది. సైట్‌లో ఇన్‌స్టాల్ పేజీ ఉంది, డేటా పేజీ ఉంది, హౌటూ పేజీలున్నాయి, ఒక్కో ఫంక్షన్‌కీ వివరం ఉంది. బయట వీడియోలకు లెక్కే లేదు. ఇన్ని ఉండగా కూడా నీ పిల్లలు మొదటి ప్రోగ్రామ్ దగ్గరే చతికిలబడుతున్నారంటే, వాళ్లు సరిగ్గా ఏ లైను దగ్గర ఆగుతున్నారో ముందు చూడాలి. అది చూడకుండా నువ్వు రెండొందల పేజీలు రాసినా, అక్కడే ఆగే ఇంకో పుస్తకం తయారవుతుంది.

కాబట్టి మొదటి పని ఇది. ఎన్‌ఎల్‌టీకే పేరు కూడా వినని ఒక స్టూడెంట్‌ని పిలువు. ల్యాబులో అది ఇంకా ఎక్కించని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టు. సైట్ అడ్రస్ మాత్రం ఇచ్చి, ఒక పేరాని మాటలుగా విడగొట్టమని చెప్పు. నువ్వు పక్కన కూర్చో. మౌస్ ముట్టుకోకు, నోరు విప్పకు. ఇది చాలా కష్టం, ముఖ్యంగా పాఠం చెప్పే అలవాటున్నవాళ్లకి. వాడు తప్పు లింకు నొక్కుతుంటే నీ ప్రాణం కొట్టుకుంటుంది. అయినా ఊరుకో. ఏ పేజీలో ఎంతసేపు ఉన్నాడు, ఏ లైను చదవకుండా దాటేశాడు, ఎర్రర్ వచ్చాక గూగుల్‌లో ఏ మాటలు కొట్టాడు, అన్నీ కాగితం మీద రాసుకో. వాడు వెతికిన మాటలు వాడినట్టే రాయి. రేపు నువ్వు దిద్దే పేజీకి శీర్షిక అందులోంచే వస్తుంది.

మా పర్లాకిమిడిలో టీచరుగా ఉన్న గిడుగు రామమూర్తి గారు సవర గిరిజన పిల్లలకు వాచకాలు రాయడానికి ముందు ఆ భాష మాట్లాడేవాళ్ల దగ్గర కూర్చుని నేర్చుకున్నారు. నేర్చుకునేవాళ్లు ఎలా మాట్లాడతారో తెలుసుకున్నాకే కలం పట్టారు. మన వైపు ఈ పద్ధతి కొత్తదేం కాదు.

నీ స్టూడెంట్ ఎక్కడ ఆగుతాడో ఒకటి నేను ముందే చెప్పగలను. పేరాని మాటలుగా విడగొట్టే వర్డ్ టోకెనైజ్ ఫంక్షన్ కొట్టగానే స్క్రీన్ నిండా ఎర్ర అక్షరాలు, వాటి కింద నక్షత్రాల గీతల మధ్య ఒక సందేశం: పంక్ట్_ట్యాబ్ అనే రిసోర్స్ (వాక్యం ఎక్కడ ముగుస్తుందో గుర్తించడానికి కావలసిన డేటా) దొరకలేదు అని. దాన్ని ఎలా తెచ్చుకోవాలో కూడా ఆ నక్షత్రాల మధ్యే రాసి ఉంటుంది. కొన్ని స్క్రీన్ల మీద ఆ పేరుకి ముందూ వెనకా రంగుల కోడ్ అంకెలు అంటుకుని గజిబిజిగా కనిపిస్తుంది. ఆ కింద ఏయే ఫోల్డర్లలో వెతికిందో పెద్ద జాబితా. పిల్లలు ఎర్ర రంగు చూడగానే టెన్షన్ పడి ఏదీ చదవరు, నేరుగా వెతుకులాటకి వెళ్తారు. అక్కడ దొరికే పాత పాఠాల్లో చాలావాటిలో ఉండేది ఉత్త పంక్ట్. అది డౌన్‌లోడ్ చేస్తారు. ట్రూ అని వస్తుంది. హమ్మయ్య అనుకుని మళ్లీ రన్ చేస్తే మళ్లీ అదే ఎర్రర్. చెప్పినట్టే చేశాను కదా, నాకే ఈ చదువు అబ్బదేమో అనుకునేది సరిగ్గా ఇక్కడే. ఇది నన్ను నిజంగా బాధపెడుతుంది. తప్పు వాళ్లది కాదు, ఆ పాత పాఠం రాసినవాళ్లదీ కాదు. పాత పంక్ట్ ఫైళ్లు పికిల్ అనే పద్ధతిలో ఉండేవి. ఆ పద్ధతిలో ఫైలు తెరిచేటప్పుడు లోపల దాచిన కోడ్ కూడా నడిచే ప్రమాదం ఉంది. 2024లో ఈ భద్రతా లోపం బయటపడ్డాక, అదే ఏడాది 3.9 వెర్షన్‌తో ఆ ఫైళ్లని మామూలు టెక్స్ట్ ఫైళ్లుగా మార్చి పంక్ట్_ట్యాబ్ అని పేరు పెట్టారు. మార్చడం సరైన పనే. పాత పాఠాలు మాత్రం అలాగే ఉండిపోయాయి.

నువ్వు రాయదలుచుకున్న గైడు కూడా రెండేళ్లు పోయాక అలాంటి పాత పాఠమే అవుతుంది, దాన్ని ఎవరో ఒకరు చూసుకుంటూ ఉండకపోతే. అందుకే నిన్ను ముందు ఒకే ఒక్క పేజీ రాయమంటాను. "పంక్ట్ డౌన్‌లోడ్ చేసినా ఎర్రర్ ఎందుకు వస్తోంది?" అని శీర్షిక పెట్టు. మొదటి లైనులో మందు, రెండో లైనులో కారణం, ఏ వెర్షన్ నుంచి ఇలా ఉందో పైనే స్పష్టంగా. దానికి ముందుమాటలూ, భాషా సాంకేతికత చరిత్రా అక్కర్లేదు. ఎర్రర్‌తో వచ్చినవాడికి ఎర్రర్ పోవాలి. నేర్చుకోవడానికి తీరిగ్గా కూర్చున్నవాడి అవసరం వేరు, వాడికోసం రాసే పాఠం వేరు. ఈ రెండూ ఒకే పేజీలో కలిపేస్తే ఇద్దరికీ విసుగే. డానియెలే ప్రొచీదా అనే ఆయన డాక్యుమెంటేషన్‌ని పాఠం, పని చేసే పద్ధతి, రిఫరెన్స్, వివరణ అని నాలుగుగా విడదీసి చెప్పారు. దాని పేరు డయాటాక్సిస్. వీలు చూసుకుని చదువు, నీ పట్టికలో ఏది ఎందులోకి వస్తుందో నీకే తెలుస్తుంది.

ఇంకొకటి డేటా సంగతి. బ్రాకెట్లలో ఏమీ పెట్టకుండా డౌన్‌లోడ్ అని కొడితే ఒక కిటికీ తెరుచుకుంటుంది, అందులో ఆల్ అని ఉంటుంది. అది నొక్కితే వచ్చేది గిగాబైట్లలో. ఫోన్ హాట్‌స్పాట్ మీద నడిచే ల్యాబులో ఆ రోజు డేటా ప్యాక్ అక్కడితో సరి. ఒక కంప్యూటర్‌లో కావలసినవి దింపుకుని, ఆ ఫోల్డర్‌ని పెన్‌డ్రైవ్‌లో అన్నింటికీ పంచి, ఎన్‌ఎల్‌టీకే_డేటా అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో దాని చోటు రాస్తే చాలు. ఈ సంగతి సైట్‌లోనే మాన్యువల్ ఇన్‌స్టలేషన్ కింద ఉంది, కాని నెట్ సరిగా లేనివాడి కంట పడే చోట లేదు. విండోస్‌లో బొమ్మలతో సహా ఒక పేజీ చేసి పెట్టు, రాయగడ జిల్లాలో ఎంతమందికి పనికొస్తుందో.

ఇక ఉదాహరణలు. ఇక్కడే నీలాంటివాళ్ల అవసరం నిజంగా ఉంది. ఉన్న పాఠాల్లో ఉదాహరణలు దాదాపు అన్నీ ఇంగ్లీషు వాక్యాలు, కాబట్టి అన్నీ చక్కగా పనిచేస్తాయి. మాటలు విడగొట్టే ఇంకో ఎన్‌ఎల్‌టీకే ఫంక్షన్ వర్డ్‌పంక్ట్ టోకెనైజ్‌కి "గుణుపురం" అని ఇచ్చి చూడు. ఎనిమిది ముక్కలు చేస్తుంది: గ వేరు, దాని కొమ్ము వేరు, ణ వేరు, దాని కొమ్ము వేరు, అలా చివరి సున్నా దాకా. అది వాడే పైథాన్ రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లు (అక్షరాల నమూనాలతో వెతికే పద్ధతి) మన గుణింతపు గుర్తుల్ని అక్షరాల్లో జమ కట్టవు, అందుకే. మెషిన్ లెర్నింగ్ లైబ్రరీ సైకిట్-లెర్న్‌లో మాటల్ని లెక్కపెట్టే కౌంట్ వెక్టరైజర్‌ని ఉన్నదున్నట్టు వాడితే ఇంకా ఘోరం: అది ఒంటి అక్షరాల్ని వదిలేస్తుంది కాబట్టి గుణుపురం పూర్తిగా మాయమైపోతుంది, పర్లాకిమిడిలో "పర" ఒక్కటే మిగులుతుంది. ఎర్రర్ కూడా రాదు. పిల్లలు తెలుగు వార్తల మీద ప్రాజెక్టు చేసి, ఫలితాలు ఎందుకు చెడ్డాయో తెలియక తలపట్టుకుంటారు. ఖాళీల దగ్గర విడగొట్టే మామూలు స్ప్లిట్ వాడితే మాటలు చెదరవు. వర్డ్‌పంక్ట్, స్ప్లిట్ రెండింటి ఫలితాల్నీ పక్కపక్కన చూపించే చిన్న ఉదాహరణ ఒకటి రాయి. దీనికి విలువ కట్టలేను.

తెలుగు టెక్స్ట్ కోసం ఎక్కడికీ వెళ్లక్కర్లేదు. ఎన్‌ఎల్‌టీకే డేటాలోనే ఇండియన్ అనే కార్పస్ (టెక్స్ట్ సేకరణ) ఉంది. బెంగాలీ, హిందీ, మరాఠీ, తెలుగు వాక్యాలు, ప్రతి మాటకీ నామవాచకమో క్రియో గుర్తు పెట్టి ఉంటాయి. ఒడియా అందులో లేదు, నీ క్లాసులో ఆ పిల్లలు అడుగుతారు, ముందే చెప్పెయ్యి. సొంత ఫైలు తెరిచే ఉదాహరణ రాసినప్పుడు మాత్రం ఎన్‌కోడింగ్ (అక్షరాల్ని ఫైల్లో దాచే పద్ధతి) యూటీఎఫ్-8 అని తప్పకుండా పెట్టు. అది లేకపోతే లినక్స్ మీద పనిచేసిన కోడ్ విండోస్ మీద బోర్లా పడుతుంది. నీ కంప్యూటర్‌లో వచ్చింది కదా అని వదిలెయ్యకు.

ఏ భాషలో రాయాలన్నది మాత్రం పిల్లల్ని అడిగి తేల్చుకో. మన ఆంధ్రా-ఒడిశా సరిహద్దు ఊళ్లలో తెలుగిళ్ల పిల్లలు చాలామంది ఒడియా మీడియంలో చదివారు. ఇంట్లో నోరారా తెలుగు మాట్లాడతారు, తెలుగు పేజీ ఇస్తే కూడబలుక్కుంటారు. సవర ఇళ్ల నుంచి వచ్చినవాళ్లకి తెలుగూ ఒడియా రెండూ బయటి భాషలే. వీళ్లందరి ముందూ తెలుగు లిపిలో గైడు పెట్టి చదవమంటే న్యాయం కాదు. కోడ్ స్క్రీన్ మీద చూపిస్తూ నువ్వు నోటితో తెలుగులో వివరించే నాలుగైదు నిమిషాల వీడియోలు వాళ్లకి ఎక్కువ పనికొస్తాయని నా నమ్మకం. తెలుగు బాగా చదివేవాళ్లు ఎంతమందో లెక్క తేలాక పేజీలు రాయి. రాసినప్పుడు టోకెన్‌ని (విడగొట్టిన ముక్కని) టోకెన్ అనే ఉంచు, స్క్రీన్ మీద వాళ్లకి కనిపించేది ఆ మాటే.

నువ్వు కనిపెట్టినవి నీ దగ్గరే ఉంచుకోకు, అసలు ప్రాజెక్టుకి పంపు. ఎన్‌ఎల్‌టీకే హౌటూ పేజీలు డాక్‌టెస్ట్ ఫైళ్ల నుంచి తయారవుతాయి. అంటే అందులోని ఉదాహరణలు టెస్టులుగా కూడా నడుస్తాయి, కోడ్ మారి ఉదాహరణ చెడితే వెంటనే పట్టుబడుతుంది. నీ తెలుగు ఉదాహరణ అందులో చేరితే దాన్ని కాపలా కాసే పని నీ ఒక్కదానిదే కాదు. ఒక పుల్ రిక్వెస్ట్‌లో (మార్పు చేర్చమని ప్రాజెక్టుకి పంపే అభ్యర్థనలో) ఒకటే మార్పు పెట్టు. ఏ స్టూడెంట్ ఎక్కడ ఆగాడో, ఏ వెర్షన్, ఏ ఆపరేటింగ్ సిస్టమ్, ఎర్రర్ పూర్తి పాఠం, అన్నీ రాయి. పేరు రాయకు. "డాక్యుమెంటేషన్ బాగాలేదు" అని మాత్రం ఎక్కడా అనకు, వాళ్లు జీతం లేకుండా రాత్రిళ్లు కూర్చుని చేస్తున్నవాళ్లు. జవాబు రావడానికి వారాలు పట్టవచ్చు. మర్యాదగా ఒకసారి గుర్తుచెయ్యి, ఈలోగా ఇంకో స్టూడెంట్‌ని కూర్చోబెట్టు.

పంక్ట్ పేజీ చిత్తుప్రతి అయ్యాక నాకు పంపు. దాంతోపాటు పిల్లవాడి పక్కన కూర్చుని రాసుకున్న కాగితాల ఫొటోలు కూడా పంపు, కొట్టివేతలు ఉన్నా ఫర్వాలేదు. అత్త నిన్ను అడిగిందని చెప్పమంది.

మీ మావయ్య,
పర్లాకిమిడి