ఉద్యోగానికీ ఉద్యోగానికీ మధ్య జపాన్: ఎంత ఖర్చు పెట్టొచ్చు?

ప్రశ్న: నా వయసు 29. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నెలకు 82 వేలు చేతికొస్తుంది. పాత కంపెనీలో జూన్ 12 ఆఖరి రోజు. జులై 1న కొత్త కంపెనీలో చేరాలి, అక్కడ చేతికి సుమారు లక్షా ఐదు వేలు. ఈ మధ్యలో ఒక్కదాన్నే ఓ వారం జపాన్ వెళ్లి రావాలనుంది. సేవింగ్స్, ఎఫ్‌డీ కలిపి 3.2 లక్షలు ఉన్నాయి. నెలకు అద్దె 18 వేలు, చదువు లోన్ ఈఎంఐ 14,500, తెనాలిలో అమ్మానాన్నలకు 15 వేలు, సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా పెట్టేది) 10 వేలు, నా ఖర్చులు 14 వేలు. టోక్యోలో దిగి ఒసాకా నుంచి తిరిగొచ్చే టికెట్ 46 వేలకు కనిపిస్తోంది. ఒక ట్రావెల్ ఏజెన్సీ వాళ్లు ఆరు రాత్రుల ప్యాకేజీ 1.85 లక్షలు, నో కాస్ట్ ఈఎంఐ అంటున్నారు. నాన్నేమో ‘వానల్లో అక్కడికెందుకు, ఉద్యోగంలో కుదురుకున్నాక వెళ్లు’ అంటున్నారు. వెళ్లొచ్చా?

జవాబు: వెళ్లండి. ప్యాకేజీ వద్దు, సొంతంగా బుక్ చేసుకోండి. మొత్తం ఖర్చు 1.25 లక్షలు దాటనివ్వకండి. ఈ అంకె ఎలా వచ్చిందో చెబుతాను. మీ ఉత్తరంలో లేని ఒక లెక్క దాని వెనక ఉంది.

రెండు ఉద్యోగాల మధ్య ఖాళీ 18 రోజులని మీరు అనుకుంటున్నారు. జీతం వైపు నుంచి చూస్తే అది రెండు నెలలు. మే 31న జీతం పడుతుంది. జూన్‌లో పని చేసిన 12 రోజుల డబ్బు ఫుల్ అండ్ ఫైనల్‌లోకి, అంటే ఉద్యోగం వదిలాక చేసే ఆఖరి సెటిల్‌మెంట్‌లోకి పోతుంది. చట్టం ఏం చెప్పినా, అది చేతికి రావడానికి చాలా కంపెనీల్లో నెల, నెలన్నర పడుతోంది. కొత్త కంపెనీ మొదటి జీతం జులై 31న. అంటే మే జీతంతో జూన్ గడుస్తుంది, జులై మొత్తం దాచుకున్న డబ్బులోంచే గడవాలి. మీ నెల ఖర్చు సిప్‌తో కలిపి 71,500. ముందు దాన్ని పక్కన పెట్టండి. మిగిలేది 2,48,500.

ఇందులోంచి అత్యవసర నిధి తీయాలి. మామూలుగా ఎవరికైనా కనీసం మూడు నెలల ఖర్చు ఉంచుకోమంటాను. మీకు ఆఫర్ లెటర్ చేతిలో ఉంది, జీతమూ పెరుగుతోంది, కాబట్టి ఈ ఒక్కసారికి రెండు నెలలకు ఒప్పుకుంటున్నాను. సిప్ తీసేస్తే నెలకు 61,500, రెండు నెలలకు 1,23,000. ఇది ఊరికే పెట్టుకునే డబ్బు కాదు. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ ఆలస్యమైనా, ప్రాజెక్టు మొదలవడం వాయిదా పడినా చేరే తేదీని నెల రోజులు వెనక్కి జరపడం ఈ మధ్య మామూలైపోయింది. అలా జరిగిన రోజున మిమ్మల్ని కాపాడేది ఇదే. ఇదీ తీసేస్తే 1,25,500 మిగులుతుంది. అదే మీ జపాన్ బడ్జెట్.

ఒక్క పని మాత్రం ఈ వారమే చేయండి. నోటీసు పీరియడ్‌లో ఉన్నవాళ్ల మే జీతాన్ని మామూలుగానే ఇస్తారా, సెటిల్‌మెంట్ దాకా ఆపుతారా అని హెచ్‌ఆర్‌ను మెయిల్‌లో అడగండి. ఆపే కంపెనీలు ఉన్నాయి. మీదీ ఆపితే జీతం లేని నెలలు రెండవుతాయి, ప్రయాణానికి మిగిలేది 54 వేలు. విమానం టికెట్ కొన్నాక చేతిలో ఎనిమిది వేలుంటుంది. అప్పుడు నా జవాబు కూడా మారుతుంది: జపాన్ ఆపి, దగ్గర్లో ఎక్కడికైనా వెళ్లి రండి.

మీ నాన్నగారి మాటలో సగం నిజం ఉంది. జపాన్‌లో వానాకాలాన్ని త్సుయు అంటారు. టోక్యో, క్యోటో ప్రాంతాల్లో జూన్ మొదటి వారం అటూ ఇటూగా మొదలై జులై మూడో వారం దాకా ఉంటుంది. మన దగ్గరలా ఉరిమి, కుండపోతగా కురిసి వెలిసిపోయే వాన తక్కువ. రోజంతా మబ్బు, సన్నటి జల్లు, ఉక్కపోత. మధ్యమధ్యలో పూర్తిగా పొడిగా ఉండే రోజులూ వస్తాయి. జూన్ చివర, జులై మొదట్లో జోరు పెరుగుతుంది, ముఖ్యంగా దక్షిణాన క్యూషూలో. 2020 జులైలో అక్కడి కుమమోతోను ముంచెత్తిన వరదలు ఆ రోజుల్లోవే. అందుకని మీ ప్రయాణం జూన్ 14-22 మధ్య పెట్టుకోండి. క్యూషూ వద్దు. చివరి వారం ఇంట్లోనే ఉంటే కొత్త ఉద్యోగం కాగితాలు చూసుకోవచ్చు, విమానం రద్దయినా టెన్షన్ ఉండదు. చేరే రోజుకు ముందు రాత్రి దిగే టికెట్ ఎంత చవగ్గా దొరికినా కొనకండి.

‘కుదురుకున్నాక వెళ్లు’ అనేది నాకు అంతగా ఒప్పదు. ప్రొబేషన్‌లో వారం సెలవు అడగడం ఎంత కష్టమో మీకు తెలిసే ఉంటుంది. పైగా వచ్చే ఏడాది ఏప్రిల్‌లో వెళ్తే చెర్రీ పూల సీజన్, నెలాఖరున గోల్డెన్ వీక్ సెలవులు, హోటళ్ల ధరలు ఎక్కడో ఉంటాయి. జూన్‌లో జపాన్‌కు ప్రభుత్వ సెలవు ఒక్కటీ లేదు. వాళ్లే పెద్దగా ప్రయాణాలు చేయని నెల కాబట్టి గదులు తక్కువకు దొరుకుతాయి.

ఇక ఖర్చు. యెన్‌ను 60 పైసలుగా పట్టుకుంటున్నాను. టికెట్ 46 వేలు. వీసా, సర్వీస్ చార్జీ కలిపి రెండు వేలు ఉంచుకోండి, ప్రయాణ బీమాకు వెయ్యి. గది: స్టేషన్ దగ్గర చిన్న బిజినెస్ హోటల్ రాత్రికి 8 వేల యెన్ చొప్పున ఏడు రాత్రులకు 33,600 రూపాయలు. డార్మిటరీ హాస్టల్‌లో ఇందులో సగానికే గడిచిపోతుంది గానీ, తడిసిన బట్టలతో, గొడుగుతో వచ్చేవాళ్లకు సొంత గది మేలని నా అభిప్రాయం. పైగా ఇలాంటి హోటళ్లలో చాలావాటిలో నాణేలేసే వాషింగ్ మెషీన్ ఉంటుంది, తక్కువ బట్టలతో వెళ్లొచ్చు.

రైలు దగ్గరే చాలామంది డబ్బు పారేసుకుంటారు. జపాన్ అంటే జేఆర్ పాస్ (ఒకసారి కొంటే అన్ని రోజులూ రైళ్లలో తిరగనిచ్చేది) కొనాలని పాత వీడియోలు చూసి అనుకుంటారు. ఏడు రోజుల పాస్ 2023 అక్టోబర్‌లో ఒక్కసారిగా 29,650 యెన్ నుంచి 50 వేలకు పెరిగింది. టోక్యో నుంచి క్యోటోకు షింకాన్‌సెన్ బుల్లెట్ రైల్లో ఒకవైపు 14 వేల యెన్ అవుతుంది. మీ తిరుగు ప్రయాణం క్యోటో పక్కనే ఉన్న ఒసాకా నుంచి కాబట్టి వెనక్కి టోక్యో రానక్కర్లేదు. ఒకవైపు టికెట్ 8,400 రూపాయలతో పనైపోతుంది. పాస్ కొంటే 30 వేలు. ఊళ్లలో తిరగడానికి సుయికా లాంటి రైలు, బస్సు కార్డులో రోజుకు వెయ్యి యెన్ వేసుకుంటే వారానికి 4,200. తిండికి రోజుకు 3 వేల యెన్ చొప్పున 12,600. మీరు శాకాహారులైతే కాస్త ఎక్కువే పెట్టండి. చూడ్డానికి కూరగాయల సూప్‌లా ఉన్నదాంట్లోనూ చేపల రసం ఉంటుంది, చివరికి ఇండియన్ రెస్టారెంట్ వెతుక్కోవాల్సి వస్తుంది. ప్రవేశ టికెట్లకు 3 వేలు, ఫోన్ ఇంటర్నెట్‌కు ఈసిమ్ వెయ్యి. అంతా కలిపి 1,11,800. మిగిలిన పదమూడు వేల చిల్లర షాపింగ్‌కూ, అనుకోని ఖర్చుకూ.

ప్యాకేజీ వద్దనడానికి ధర ఒక్కటే కారణం కాదు. ఇలాంటి వాటిలో ఫ్యుజి పర్వతం టూర్ దాదాపు తప్పనిసరి, జూన్‌లో ఆ పర్వతం చాలా రోజులు మబ్బుల్లోనే ఉంటుంది. ముందే డబ్బు కట్టేశారు కాబట్టి బస్సు ఎక్కాల్సిందే. సొంతంగా వెళ్తే పొద్దున ఆకాశం చూసుకుని నిర్ణయించుకోవచ్చు. వాన పడితే ఉయెనోలో టోక్యో నేషనల్ మ్యూజియం (సోమవారం మామూలుగా సెలవు), జల్లు అయితే గంట దూరంలో కామకురా. అక్కడ మెయిగెట్సు-ఇన్, హసెదెర ఆలయాల్లో హైడ్రాంజియా పూలు విరగబూసేది సరిగ్గా ఆ రోజుల్లోనే.

నో కాస్ట్ ఈఎంఐలో వడ్డీ కనపడదు గానీ ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ మీద జీఎస్టీ చాలాసార్లు ఉంటాయి. అంతకన్నా ముఖ్యం, మొదటి వాయిదా మీకు జీతమే లేని జులైలో పడుతుంది. ప్యాకేజీ మీద టీసీఎస్, అంటే అమ్మేవాళ్లే ముందుగా తీసుకుని ప్రభుత్వానికి కట్టే పన్ను కూడా వసూలు చేస్తారు. రిటర్న్ వేసినప్పుడు అది సర్దుబాటు అవుతుంది, కానీ అప్పటిదాకా మీ డబ్బు ఇరుక్కున్నట్టే.

వీసా గురించి ఒక జాగ్రత్త. పాత ఉద్యోగంలో ఉండగానే దరఖాస్తు చేయండి. జీతం స్లిప్పులు, బ్యాంక్ స్టేట్‌మెంట్, ఐటీ రిటర్న్‌తో పాటు రాజీనామా ఆమోదించిన మెయిల్, కొత్త ఆఫర్ లెటర్ జత చేసి, విషయం దాచకుండా ఒక చిన్న లేఖ రాయండి. సింగిల్ ఎంట్రీ వీసా ఇచ్చిన రోజు నుంచి మూడు నెలలే చెల్లుతుంది కాబట్టి మరీ ముందుగానూ వద్దు. వీసా వచ్చేదాకా ఉచితంగా రద్దు చేసుకునే హోటళ్లే బుక్ చేయండి.

మీరు అడగనిది మరొకటి: జూన్ 12తో మీ కంపెనీ ఆరోగ్య బీమా ఆగిపోతుంది. అందులో అమ్మానాన్నలు కూడా ఉన్నారా? ఉంటే జులై 1 దాకా వాళ్లకు ఏ రక్షణా లేదు. ప్రయాణ బీమా మీకు మాత్రమే. కొత్త పాలసీల్లో ప్రమాదాలు తప్ప మామూలు జబ్బులకు మొదటి 30 రోజులు కవరేజీ ఉండదు, కాబట్టి జూన్ 10న కొంటే ఉపయోగం లేదు. ఇప్పుడే వాళ్లిద్దరికీ విడిగా తీసుకోండి. వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ కూడా లేదు. ఈ ప్రీమియం నా లెక్కలో లేదు. ఆ పదమూడు వేలు దీనికి పోయినా, ఇంకొంత ప్రయాణంలోంచి కోయాల్సి వచ్చినా, కోయండి. హాస్టల్‌కు మారితే సర్దుకుంటుంది.

పీఎఫ్ డబ్బు తీసి ఖర్చు పెట్టమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. కొత్త కంపెనీకి బదిలీ చేసుకోండి. ఐదేళ్ల సర్వీసు నిండకుండా తీస్తే పన్ను పడుతుంది. చేరిన వెంటనే ఏప్రిల్ నుంచి జూన్ దాకా వచ్చిన జీతం, కోసిన టీడీఎస్ వివరాలు కొత్త పేరోల్ వాళ్లకు ఇవ్వండి. ఇవ్వకపోతే రెండు కంపెనీలూ స్టాండర్డ్ డిడక్షన్, పన్ను శ్లాబులు మొదటి నుంచి లెక్కేసి తక్కువ పన్ను కోస్తాయి. రిటర్న్ వేసేటప్పుడు తేడా మొత్తం వడ్డీతో సహా మీరే కట్టాలి.

అక్కడ కార్డు గీకేటప్పుడు రూపాయల్లోనా, యెన్‌లోనా అని మెషీన్ అడిగితే యెన్ అనే చెప్పండి. రూపాయల్లో అంటే దుకాణం బ్యాంకు తనకు నచ్చిన రేటు వేస్తుంది. మామూలు క్రెడిట్ కార్డుల మీద ఫారెక్స్ మార్కప్ (విదేశీ కరెన్సీ లావాదేవీకి బ్యాంకు వేసే అదనపు రుసుము) దాదాపు రెండు నుంచి మూడున్నర శాతం, దాని మీద జీఎస్టీ ఉంటుంది, కాబట్టి మార్కప్ లేని కార్డో, ఫారెక్స్ కార్డో తీసుకెళ్లండి. నగదు 20 వేల యెన్ చాలు, తక్కువైతే సెవెన్ ఇలెవెన్ ఏటీఎంలో తీసుకోవచ్చు. గొడుగు ఇక్కడి నుంచి మోసుకెళ్లొద్దు, అక్కడ ఏ కన్వీనియన్స్ స్టోర్‌లోనైనా పారదర్శకమైన ప్లాస్టిక్ గొడుగు వెయ్యి యెన్ లోపే దొరుకుతుంది.