ప్రైమరీ బడిలో లీడర్లు, ఎన్నికలు అవసరమా? మా బడి అనుభవం

శ్రీకాళహస్తి వైపు ఒక బడిలో కొత్తగా చేరిన మేడమ్ అడిగారు: ఒకటి నుంచి ఐదు దాకా ఉన్న చిన్న బడిలో పిల్లల లీడర్లు అవసరమా, పెడితే ఎలా పెట్టాలి అని.

నేను పూతలపట్టు వైపు ఒక మండల పరిషత్ బడిలో ఎస్‌జీటీని, అంటే చిన్న తరగతులకు చెప్పే సెకండరీ గ్రేడ్ టీచర్‌ని. ఇద్దరు టీచర్లం, నలభై లోపు పిల్లలు. అవసరమే అంటాను మేడమ్. కాకపోతే మొదట్లో నేను లీడర్‌ని పెట్టింది పిల్లల కోసం కాదు, నా పని తగ్గించుకోవడానికి.

లీడర్ అంటే మనకు తెలిసింది ఒక్కటే కదా. సార్ రిజిస్టర్లు రాసుకుంటుంటే, మాట్లాడినవాళ్ల పేర్లు బోర్డు మీద రాసే మనిషి. నేనూ బాగా చదివే ఐదో తరగతి పాపను పెట్టాను. నెల తిరక్కుండానే ఆ పాప చేతికి కానుగ పుల్ల వచ్చింది. నేనివ్వలేదు, వద్దనీ అనలేదు. ఒకరోజు రెండో తరగతి బుడ్డోడు వచ్చి, "సార్, పేరు రాయకుండా ఉండాలంటే బలపం ఇమ్మంటా ఉంది అక్క" అన్నాడు. పిల్లల్ని కొట్టకూడదు, మనసు నొప్పించకూడదు అని 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ చెబుతుందని ట్రైనింగుల్లో ఎన్నిసార్లు వినలేదు! నేను కొట్టకుండా ఇంకో పిల్ల చేత కొట్టిస్తున్నానని ఆరోజు తెలిసొచ్చింది.

మరుసటి ఏడాది జూన్‌లో ఎన్నిక పెట్టాం. ఒకటో తరగతికి ఇంకా అక్షరాలు రావు కాబట్టి గుర్తులిచ్చాం: మామిడికాయ, గొడుగు, కుండ, గంట. ఒక్కొక్కరికి ఒక్కో చాక్‌పీసు డబ్బా, దాని మీద గుర్తు. 1951-52లో దేశంలో మొదటి ఎన్నికలు కూడా ఇట్లాగే, అభ్యర్థికొక పెట్టె పెట్టి, గుర్తు అంటించి జరిపారని చెబితే పిల్లలకు భలే హుషారొచ్చింది. వేలికి చుక్క నేరేడుపండు పిసికి పెట్టాం. ఓటు కన్నా చుక్క మీదే మోజు, ఇద్దరు ముగ్గురు మళ్లీ వచ్చి లైన్లో నిలబడ్డారు.

మామిడికాయ గెలిచింది. తర్వాత తెలిసింది, ఆ అబ్బాయి భోజనం దగ్గర ఇచ్చిన చిక్కీని ముక్కలు చేసి ఒకటో తరగతి వాళ్లకు పంచాడట. "పెద్దోళ్లను చూసే కదా" అని మా హెడ్మాస్టరు నవ్వారు. ఎన్నిక రద్దు చేయాలా అని పిల్లల్నే అడిగాం. మూడో తరగతి పాప లేచి, "చిక్కీ ఒక్కరోజే ఇచ్చినాడు సార్, ఏడాదంతా ఇస్తాడా?" అంది. రద్దు వద్దు గానీ రెండు నెలలకోసారి మార్చాలని వాళ్లే తేల్చారు.

ఇప్పుడు పదవులు తీసేసి పనులు పెట్టాం. నీళ్లు, చెట్లు, కథల పుస్తకాలు, భోజనం వరుస. ఒక పెద్ద, ఒక చిన్న జోడీగా చేస్తారు. సలహాల పెట్టె కూడా పెట్టి చూశాం. నెలంతటికీ దొరికినవి చిక్కీ కాగితం ఒకటి, "సార్ నగవల్ల" (సార్ నవ్వాలి) అని రాసిన చీటీ ఒకటి. అందుకే శనివారం చివరి పీరియడ్ అందరం వేపచెట్టు కింద గుండ్రంగా కూర్చుంటాం, నోటితోనే చెబుతారు.

అట్లా బయటపడిందే బాత్రూము గడియ సంగతి. నీళ్ల పని చూసే పాప, "ఆడపిల్లల సీసాలు సాయంత్రానికి కూడా నిండుగానే ఉంటాయి సార్" అంది. ఎందుకని అడిగితే అందరూ నేల చూపులు. కాసేపటికి చిన్న పాప ఒకటి చెప్పింది. గడియ పైన ఉంది, చెయ్యి అందదు. ఒకరు లోపలికి పోతే ఇంకొకరు బయట తలుపు పట్టుకోవాలి. పట్టుకునే మనిషి లేకపోతే ఆపుకోవాలి. ఆ బాధ ఎందుకని నీళ్లే తాగరు. ఆ తలుపు నేను రోజూ చూసేవాణ్ణి, బాత్రూము బాగుందని యాప్‌లో ఫొటోలు కూడా ఎక్కించేవాణ్ణి. సోమవారం చిత్తూరు నుంచి రెండు చిన్న గడియలు తెచ్చి కింద బిగించాం. నూరు రూపాయలు కూడా కాలేదు.

ఒక దెబ్బ కూడా తిన్నాను. పిల్లలు ఊయల అడిగితే "చూద్దాం" అన్నాను, మర్చిపోయాను. మూడు వారాల తర్వాత చెట్టు కింద ఎవరూ నోరు విప్పలేదు. "చెప్తే మీరు చూద్దాం అంటారు" అన్నాడొకడు. అప్పటినుంచి ఒక నోటుబుక్కు పెట్టాం. అడిగింది ఏమిటి, అవుతుందా, కాకపోతే ఎందుకు కాదు, మూడు గళ్లు. ఐదో తరగతి పిల్లలే రాస్తారు. తల్లిదండ్రుల కమిటీ మీటింగులో వాళ్లే చదువుతారు. కమిటీలో ముప్పాతిక మంది తల్లిదండ్రులే ఉండాలని, సగం మంది ఆడవాళ్లు ఉండాలని విద్యాహక్కు చట్టమే చెబుతుంది కదా, తన బిడ్డ లేచి చదువుతుంటే ఏ అమ్మ కాదంటుంది? ఒక తండ్రి పాత టైరు, మోకు తెచ్చి చింతచెట్టుకు కట్టాడు. మీటింగు మాత్రం మామిడికాయల కోతలప్పుడు పెట్టకండి, ఒక్కరూ రారు.

పిల్లలు నెత్తికెక్కుతారని మీ హెడ్మాస్టరు అంటే, అదే చట్టం 29వ సెక్షన్ చూపించండి. పిల్లలు భయం లేకుండా తమ అభిప్రాయం చెప్పగలగాలని అందులో ఉంది. మా సార్ కూడా మొదట్లో ఆ మాటే అన్నారు, ఇప్పుడు శనివారం కుర్చీ వదిలి కిందే కూర్చుంటున్నారు.

ఎన్నిక వచ్చే జూన్‌కి పెట్టుకోవచ్చు మేడమ్. ఈ శనివారం మాత్రం పిల్లల్ని కూర్చోబెట్టి, బడిలో మీ చెయ్యి అందనివి ఏమేమున్నాయని అడిగి చూడండి. గడియ తర్వాత మావాళ్లు చెప్పినవి: సబ్బు పెట్టే గూడు, పుస్తకాల బీరువా పై అర, గంట కొట్టే కొయ్య.